వరంగల్‌కు మొదటిసారి వస్తున్నారా? రాత్రి నిద్ర పట్టాలంటే ఎక్కడ దిగాలి

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రి నుంచి మొదటిసారి వరంగల్ వస్తున్నారు. మీరిద్దరూ, డెబ్బై దాటిన అమ్మగారూ, మూడు రాత్రులు. వేయి స్తంభాల గుడి, భద్రకాళి, కోట చూడాలి, ఒకరోజు రామప్ప. అమ్మగారికి నిద్ర తేలిక, చిన్న చప్పుడుకే లేచి కూర్చుంటారు. యాప్‌లో స్టేషన్ దగ్గర చవగ్గానూ, హన్మకొండ చౌరస్తాలో కాస్త ఎక్కువకీ రూములు కనబడుతున్నాయి, రెండిట్లో ఏది ప్రశాంతం అని.

రెండూ కాదు. సుబేదారి, నక్కలగుట్ట, ఆ పక్కనే కిషన్‌పుర: వీటి లోపలి గల్లీల్లో చూడండి. హన్మకొండ నుంచి కాజీపేట పోయే మెయిన్ రోడ్డుకు ఆనుకొని ఉన్నది వద్దు. రోడ్డు దిగి రెండు మలుపులు తిరిగాక ఉన్నది తీసుకోండి. గుళ్లకూ కోటకూ మరీ దూరం కాదు, టిఫిన్‌కు మందులకు ఇబ్బంది లేదు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక కాలనీ సద్దుమణుగుతుంది.

అయితే ఏరియా పేరు చూసి రూం పట్టేస్తే సగం పనే అయినట్టు. మిగతా సగం ఏమిటంటే రూం ఏ వైపుకు ఉంది, ఆ రాత్రి పెళ్లి ముహూర్తం ఉందా లేదా. ఈ ఊళ్లో నిద్ర చెడగొట్టేవాటిలో లారీల కంటే, రైళ్ల కంటే బరాత్ (పెళ్లి ఊరేగింపు) ముందుంటుంది. దాని సంగతి కిందికి వివరంగా రాశాను.

ముందు ఊరి సంగతి. బయటివాళ్లు వరంగల్ అనేది నిజానికి మూడు ఊళ్లు కలిసిపోయిన ఊరు: వరంగల్, హన్మకొండ, కాజీపేట. వరంగల్ వైపు స్టేషన్, పాత బజారు, మార్కెట్, కోట. హన్మకొండ వైపు ఆఫీసులు, కాలేజీలు, వేయి స్తంభాల గుడి. కాజీపేట రైల్వే ఊరు. మూడింటి చప్పుళ్లు మూడు రకాలు, మొదలయ్యే వేళలు కూడా వేరు.

స్టేషన్ దగ్గర ఎందుకు వద్దంటే, వరంగల్ స్టేషన్‌కు ఎదురుగానే బస్టాండు. విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ పోయేవీ ఢిల్లీ పోయేవీ చాలావరకు ఈ స్టేషన్ మీదుగానే, అందుకే రాత్రంతా ఏదో ఒక బండి వస్తూనే ఉంటుంది. అనౌన్స్‌మెంట్లు, ఆటోవాళ్ల కేకలు, తెల్లవారుజామున మొదటి బస్సుల హారన్లు సరేసరి. స్టేషన్ రోడ్డు, జేపీఎన్ రోడ్డు, వరంగల్ చౌరస్తా ఇదంతా వ్యాపారం ఏరియా. షట్టర్లు దించేసరికే రాత్రి పది, తెల్లారకముందే సరుకు దింపుడు మొదలు. పోచమ్మమైదాన్, కాశిబుగ్గ వైపు ఇంకో తంటా ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు పంట వచ్చే రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి పత్తి, ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి, బండ్లు రాత్రిపూటే వచ్చి లైను కడతాయి. మిర్చి సీజన్‌లో ఘాటు కూడా బోనస్, అమ్మగారికి దగ్గు ఉంటే మరీ కష్టం. ఒక్క రాత్రి ఉండి తెల్లవారుజాము బండి ఎక్కాలంటే మాత్రం స్టేషన్ దగ్గరే నయం, అప్పుడు నిద్ర గురించి ఆశ పెట్టుకోవద్దు.

హన్మకొండ చౌరస్తా కొత్తవాళ్లకు సౌకర్యం అనిపిస్తుంది, పగలు నిజమే కూడా. వేయి స్తంభాల గుడికి నడిచి పోవచ్చు, బస్టాండు దగ్గర, అన్నీ చేతికందుతాయి. కానీ సిటీ బస్సులు, షేర్ ఆటోలు, ములుగు వైపు పోయే బండ్లు అన్నీ కలిసే చోటు అది. చౌరస్తా నుంచి అశోకా జంక్షన్ దాకా రోడ్డు మీద ఉన్న ఏ రూమైనా రోడ్డు వైపు కిటికీ ఉంటే రాత్రి పదకొండు దాకా హారన్లే. నయీంనగర్, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు వైపు కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ. పొద్దున ఆరుకే కాలేజీ బస్సులు, రాత్రి దాకా టిఫిన్ బండ్ల దగ్గర పిల్లల ముచ్చట్లు. వానాకాలం అయితే నయీంనగర్ నాలా పక్కన, హంటర్ రోడ్డులో బొందివాగు పక్కన పల్లపు కాలనీల్లో రూం తీసుకోకండి. 2023 జూలైలో ఆ చుట్టుపక్కల ఇళ్లు నీట మునిగాయి.

ఇప్పుడు సుబేదారి వైపు ఎందుకు నయమో చెప్తాను. అక్కడ కలెక్టరేటు, అదాలత్ దగ్గర కోర్టులు, ఇతర ఆఫీసులు, వాటి వెనక పాత ఉద్యోగుల కాలనీలు. ఆఫీసుల గోల పగటి గోల, సాయంత్రం ఆరుకల్లా ఖాళీ. మెయిన్ రోడ్డు చప్పుడు లోపలికి ఎందుకు రాదంటే దూరం వల్ల కాదు, అడ్డం వల్ల. రోడ్డు చప్పుడు ఖాళీ జాగాలో అయితే దూరం రెట్టింపు అయినప్పుడల్లా 3 డెసిబెల్సే తగ్గుతుంది, అంటే చెవికి పెద్దగా తేడా తెలియదు. అదే మధ్యలో ఒక వరుస మూడంతస్తుల ఇళ్లు అడ్డం వస్తే ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే 'రోడ్డుకు 200 మీటర్లు' అనే లెక్క కంటే 'రెండు మలుపులు' అనే లెక్క మేలు. నేరుగా రోడ్డు కనబడే గల్లీ చివరన 300 మీటర్ల దూరంలో ఉన్న రూం కంటే, 100 మీటర్లే ఉన్నా మలుపు తిరిగి ఉన్న రూం ప్రశాంతం.

ఇక్కడి నుంచి ఇంకో లాభం: కోటకు పోవాలంటే చౌరస్తా ట్రాఫిక్‌లో పడకుండా అదాలత్ దగ్గర హంటర్ రోడ్డు ఎక్కి అటునుంచి అటే పోవచ్చు. మీ బండి కాజీపేటలోనూ ఆగేదైతే అక్కడే దిగండి. సుబేదారికి వరంగల్ స్టేషన్ కంటే కాజీపేట జంక్షనే దగ్గర.

ఈ ఏరియాలోనూ తప్పించుకోవాల్సిన జాగాలు ఉన్నాయి. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ చుట్టూ: సభలు, మీటింగులు పెడితే మైకులు అక్కడే. బాలసముద్రంలో హయగ్రీవాచారి గ్రౌండ్ పక్కన కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబర్‌లో మొదలైంది. ప్రోగ్రాం ఉన్న సాయంత్రం పార్కింగ్ కోసం పక్క గల్లీలన్నీ నిండిపోతాయి. మెయిన్ రోడ్డు మీద పెద్దాసుపత్రుల పక్కన కూడా వద్దు. చట్టం ప్రకారం ఆసుపత్రి, కాలేజీ, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. అంబులెన్స్ సైరన్‌కు ఆ రూలు ఎవరు చెప్తారు? ఇక వైన్స్, దాని పక్కన పర్మిట్ రూం (కూర్చొని తాగే గది) ఉన్న గల్లీ అయితే కట్టేసే వేళకు బైకుల లొల్లి మామూలే.

ఇంకా ప్రశాంతంగా కావాలంటే నిట్ దాటాక ఫాతిమానగర్ లోపలి గల్లీలు, వడ్డేపల్లి చెరువు వైపు కాలనీలు ఉన్నాయి. చెరువు కట్ట మీద అమ్మగారు పొద్దున నడవొచ్చు. కాకపోతే అటు హోటళ్లు తక్కువ, సర్వీస్ అపార్ట్‌మెంట్లు, హోంస్టేలు వెతకాలి. రాత్రి ఆటో దొరకడం కూడా తిప్పలే. కాజీపేట స్టేషన్ చుట్టుపక్కల, సోమిడి వైపు మాత్రం వద్దు. గూడ్సు బండ్లు, ఇంజన్ల షంటింగు, గేట్ల దగ్గర హారన్. రైల్వే కాలనీలో పుట్టిపెరిగినవాళ్లకు జోలపాట లాంటిదేమో గానీ కొత్తవాళ్లకు కాదు.

ఇప్పుడు తారీఖు సంగతి. హంటర్ రోడ్డు పొడుగూతా ఫంక్షన్ హాళ్లు, గార్డెన్లు. పెద్ద హోటళ్లలో కూడా బ్యాంక్వెట్ హాళ్లు ఉంటాయి. పెళ్లి పగలే అయిపోయినా రాత్రి బరాత్ ఉంటుంది. బండి మీద డీజే బాక్సులు పెట్టి వీధంతా ఆడుకుంటూ పోతారు. ఆ బేస్ దెబ్బ గోడలోంచి వస్తుంది. కిటికీ మూసినా, చెవుల్లో దూది పెట్టుకున్నా ఆగదు, మంచం కూడా అదురుతుంది. హారన్ లాంటి సన్నని చప్పుడును ఫ్యాను, ఏసీ మోత కొంత కప్పేస్తాయి. బేస్‌ను ఏదీ కప్పలేదు. అందుకే రూం కంటే ముందు పంచాంగం చూడండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం ఉన్న రోజులు: ఈ కాలంలో పెళ్లిళ్లు దాదాపు ఉండవు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకంలో ముహూర్తం ఉన్న రాత్రులు ఊరంతా మోగుతుంది. మూడు రాత్రుల్లో ఒకటి ముహూర్తం మీద పడినా పోయేదేం లేదు, ఆ రోజే రామప్ప పెట్టుకోండి. అలిసిపోయి వచ్చినవాళ్లకు నిద్ర కాస్త తేలిగ్గా పడుతుంది.

పెళ్లిళ్లు లేని నెలలన్నీ ప్రశాంతం అనుకోకండి. భాద్రపదంలో వినాయక మండపాలు గల్లీకొకటి, తొమ్మిది రాత్రులు మైకు. పుష్యంలో సంక్రాంతికి ఐనవోలు, కొత్తకొండ జాతరల రద్దీ. సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుట్ట దగ్గర ఇసుక వేస్తే రాలదు (ఆ రాత్రి నిద్ర మానుకొని చూడాల్సిందే, అది వేరే మాట). మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. జాతర వారం హన్మకొండలో రూం దొరకడమే గగనం, ములుగు రోడ్డు మీద రాత్రీ పగలూ బండ్లే. రామప్పకు కూడా అదే దారి కాబట్టి ఆ వారం మొత్తం మానుకోండి. మీ తారీఖులు ఇంకా ఖాయం కాలేదంటే ఆషాఢంలో రండి. ఆదివారాలు బోనాలు ఉంటాయి, భద్రకాళి గుడిలో శాకంబరీ ఉత్సవాలు అప్పుడే, పగలు జనం ఉంటారు గానీ రాత్రిళ్లు తక్కువ గోల.

రూం పట్టడానికి ముందు ఇంట్లో కూర్చొని చేయగలిగే పని ఒకటుంది. మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి హోటల్ చుట్టూ 300 మీటర్లు చూడండి. ఫంక్షన్ హాల్, గార్డెన్స్, కన్వెన్షన్, బార్, వైన్స్, గ్రౌండ్, ఆసుపత్రి, పెట్రోల్ బంకు: ఈ పేర్లు ఏమన్నా ఉన్నాయా? గుడి, మసీదు, చర్చి ఏ వైపు ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. తెల్లవారుజామున మైకు ఎటు నుంచి వస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది, ధనుర్మాసంలో, రంజాన్ నెలలో ఇంకా ముందే మొదలవుతుంది. పక్క ప్లాటులో తవ్విన గొయ్యి, ఇసుక కుప్ప కనబడితే అక్కడ అపార్ట్‌మెంట్ లేస్తున్నట్టే. అయితే శాటిలైట్ బొమ్మ పాతది అయుండొచ్చు, కాబట్టి రివ్యూల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టి 'సౌండ్', 'నాయిస్', 'మ్యారేజ్', 'జనరేటర్' అని వెతకండి. మార్కుల సగటు చూసి లాభం లేదు. ఒక్క రివ్యూలో 'రాత్రి పన్నెండు దాకా డీజే' అని రాసి ఉంటే ఆ తారీఖు చూసి పంచాంగంతో పోల్చండి. ముహూర్తం రోజు అయితే అది ఆ రోజు సంగతి, మామూలు రోజు అయితే ఆ హోటలే అంత.

తర్వాత హోటల్‌కు నేరుగా ఫోన్ చేయండి. 'మీ దగ్గర ప్రశాంతంగా ఉంటుందా' అని అడిగితే 'మస్తు సైలెంట్ ఉంటది సార్' అనే అంటారు, ఇంకేమంటారు? ఇలా అడగండి: 'అన్నా, మీ బ్యాంక్వెట్ హాల్ ఫలానా తారీఖున ఖాళీ ఉన్నదా?' బుక్ అయిందని చెప్తే మీకు కావలసిన జవాబు వచ్చేసింది. ఆ తర్వాత జనరేటర్ ఎక్కడ, కిచెన్ ఏ వైపు, లిఫ్టు ఏ మూల, రూఫ్‌టాప్ రెస్టారెంట్ ఉందా అని అడగండి.

జనరేటర్ గురించి ఎందుకంటే, 'వెనక వైపు రూం' అనేది అందరూ చెప్పే సలహా, అది సగమే నిజం. రోడ్డు చప్పుడు తప్పుతుంది సరే. కానీ హోటళ్లు జనరేటర్, బోరు మోటారు, కిచెన్ పొగగొట్టం, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు అన్నీ పెట్టేది వెనకే. ఏప్రిల్, మేలో గాలివాన వస్తే కరెంటు పోతుంది, వెనక రూంలో ఉన్నవాళ్లకు అర్ధరాత్రి లారీ స్టార్టయినట్టు ఉంటుంది. మీకు కావలసింది వెనక వైపు, జనరేటర్‌కు ఎదురు మూల, లిఫ్టుకు కనీసం మూడు రూములు అవతల. అంతస్తు అయితే రెండోది గానీ మూడోది గానీ. ఎంత పైకి పోతే అంత ప్రశాంతం అనుకోవడం పొరపాటు. పై అంతస్తుకు పక్క బిల్డింగుల అడ్డం పోయి ఎక్కడో దూరాన మోగే డీజే కూడా వినబడుతుంది. దానికితోడు స్లాబ్ వేడి, నీళ్ల ట్యాంకు మోటారు.

వచ్చాక సామాను పైకి చేర్చకముందే రూం చూడండి, రెండు నిమిషాల పని. ఏసీ, ఫ్యాను, టీవీ అన్నీ ఆపించి మంచం తలవైపు నిలబడండి. ఆ గోడ అవతల లిఫ్టు గానీ, మెట్లు గానీ, పక్క రూం బాత్రూం గానీ ఉంటే తెలిసిపోతుంది. కిటికీ మూసి చేత్తో ఒక తోపు తోయండి. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ గలగల ఆడిందంటే అంచున ఉండే బ్రష్ పట్టీ అరిగిపోయిందన్నమాట. చప్పుడంతా ఆ సందులోంచే వస్తుంది, డీజే మోగితే అద్దం కూడా తోడవుతుంది. తర్వాత బాత్రూం తలుపు తీసి చూడండి. వెంటిలేటర్‌లో అద్దపు పలకలు ఒకటో రెండో ఊడిపోయి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. రూం ఎంత బాగున్నా ఆ రంధ్రం ఒక్కటి చాలు. పడుకునేటప్పుడు బాత్రూం తలుపు గట్టిగా మూసి, రూం తలుపు కింద సందులో తువ్వాలు చుట్ట పెడితే కారిడార్ మాటలు చాలావరకు ఆగిపోతాయి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో చూస్తే లెక్క అటూ ఇటూ ఉంటుంది గానీ రెండు రూములు పోల్చుకోవడానికి పనికొస్తుంది. అన్నీ ఆపాక 40 లోపు చూపిస్తే తీసుకోండి, 50 దాటితే వేరే రూం అడగండి.

వరంగల్ మీదుగా వచ్చే రాత్రి బళ్లు చాలావరకు తెల్లవారుజామునే దింపుతాయి కాబట్టి చెకిన్ టైము ముందే మాట్లాడుకోండి. 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జిలు ఊళ్లో ఉన్నాయి, మధ్యాహ్నం 12 లెక్క ఉన్నవీ ఉన్నాయి. రెండో రకం అయితే ముందురోజు రాత్రి డబ్బు కూడా కట్టాలి, లేదంటే అమ్మగారిని లాబీలో సోఫా మీద కూర్చోబెట్టాలి. మూడు రాత్రులకూ ఒకేసారి డబ్బు కట్టకండి. మొదటి రాత్రికి కట్టి, నిద్ర పట్టిందంటే పొద్దున మిగతాది కట్టండి. యాప్‌లో చవగ్గా వచ్చే 'రిఫండ్ లేదు' రేటు మీలాంటివాళ్లకు దండగ.

ఇంత చేసినా రాత్రి పది దాటాక వీధిలో డీజే మోగితే? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. 100కు ఫోన్ చేసి గల్లీ పేరు, దగ్గర గుర్తు చెప్పండి, మీ పేరు చెప్పి గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. బరాత్ అయితే పోలీసులు వచ్చేలోపు ఎలాగూ ముందుకు పోతుంది. ఫంక్షన్ హాల్లో స్థిరంగా మోగేదానికైతే ఫోన్ చేయడం పనిచేస్తుంది. హోటల్ లోపలి ఫంక్షన్ అయితే 100 కంటే రిసెప్షన్ నయం: అప్పటికప్పుడు వేరే అంతస్తు, వేరే వైపు రూం మార్చమని అడగండి. ముహూర్తం రోజు తప్ప ఒకటో రెండో ఖాళీగానే ఉంటాయి.

రామప్ప రోజున పొద్దున ఆరుకే బయల్దేరండి. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, ములుగు మీదుగా కారులో గంటన్నర పైచిలుకు. ఎండ ఎక్కకముందే గుడి చూసుకోవచ్చు. డ్రైవరుకు హోటల్ పేరు కాదు, ముందురోజు రాత్రే లొకేషన్ పంపండి. రెండు మలుపుల లోపలి గల్లీ కదా, అంత పొద్దున్నే అతను వెతుక్కుంటూ హారన్ కొడితే కాలనీ అంతా లేస్తుంది.